ఆస్ట్రేలియాను ఓడించిన టోంగా: సొంత జట్టా, అరువు జట్టా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. లక్ష జనాభా ఉన్న టోంగా రగ్బీ లీగ్‌లో ఆస్ట్రేలియాను ఓడించిందంటున్నారు, నిజమేనా? ఆ ఆటగాళ్ళలో చాలామంది ఆస్ట్రేలియాలోనో న్యూజిలాండ్‌లోనో పుట్టి పెరిగినవాళ్ళు కదా, మరి అది టోంగా జట్టు ఎలా అవుతుంది? కొత్తగా చూసేవాళ్ళు ఏ మ్యాచ్‌తో మొదలుపెట్టాలి?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. నిజమే. 2019 నవంబర్ 2న ఆక్లాండ్ ఈడెన్ పార్క్‌లో టోంగా 16, ఆస్ట్రేలియా 12. ఇక ఎవరి జట్టు అంటారా, నూటికి నూరుపాళ్ళూ టోంగా వాళ్ళ జట్టే. ఆ కుర్రాళ్ళు ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంతకుముందు ముప్పై ఏళ్ళుగా ఉన్నారు, కాకపోతే చాలామంది వేరే దేశాల జెర్సీల్లో ఉన్నారు. మారిందల్లా ఒక నిబంధన, దాన్ని వాడుకోవడానికి ముందుకొచ్చిన ఇద్దరు పెద్ద ఆటగాళ్ళ నిర్ణయం. మిగతాదంతా ఈ మాటకు వివరణే, కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

నా సంగతి ఒక్క ముక్క. నేను ఫిజియోథెరపిస్టుని, దక్షిణ ఆక్లాండ్‌లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. సీజన్‌లో శనివారాలు ఇక్కడి ఒక రగ్బీ లీగ్ క్లబ్‌లో కుర్రాళ్ళ జట్లకు టేపులు కట్టడం, ఎవరికైనా దెబ్బ తగిలితే మైదానంలోకి పరుగెత్తడం నా పని. ఆ జట్లలో సగానికి పైగా టోంగా, సమోవా పిల్లలే. కాబట్టి ఇందులో కొంత చదివి తెలుసుకున్నది, కొంత వాళ్ళ చీలమండలూ మోకాళ్ళూ పట్టుకుని, పక్కన కూర్చున్న వాళ్ళ అమ్మమ్మలతో మాట్లాడుతూ తెలుసుకున్నది.

మొదట ఒక గందరగోళం తీర్చాలి. ఇంటర్నెట్‌లో టోంగా రగ్బీ అని వెతికితే రెండు వేర్వేరు జట్లు వస్తాయి. రగ్బీ యూనియన్ 15 మంది ఆట. 1973లో బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియాను 16-11తో, 2011 ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్‌ను 19-14తో ఓడించింది ఆ జట్టు. మీరు అడిగింది రగ్బీ లీగ్ గురించి, ఇది 13 మంది ఆట. బంతి చేతిలో ఉన్న జట్టుకు ఆరు టాకిళ్ళ అవకాశం (టాకిల్ అంటే బంతి పట్టుకున్నవాణ్ణి పట్టి పడేయడం), ఆలోగా గీత దాటి బంతిని నేలకు ఆనించి ట్రై చెయ్యాలి, లేదంటే బంతి అవతలివాళ్ళకు పోతుంది. ట్రైకి 4 పాయింట్లు, దాని తర్వాత కొట్టే గోల్‌కి 2, ఆట మధ్యలో కొట్టే డ్రాప్ గోల్‌కి 1. కబడ్డీ చూసి పెరిగినవాళ్ళకు ఇది తొందరగా అర్థమవుతుంది, ఎందుకంటే ఒకడు దూసుకుపోవడం, ముగ్గురు నలుగురు కలిసి వాణ్ణి పట్టి కింద పడేయడమే ఆటకు ప్రాణం. టోంగా వాళ్ళ లీగ్ జట్టును మాతే మఆ టోంగా అంటారు.

## దేశం సగం, వలస సగం

పసిఫిక్ అనగానే మనవాళ్ళకు ఫిజీ గుర్తొస్తుంది, 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి అక్కడి చెరకు తోటల్లో పనికి వెళ్ళిన గిర్మిట్ (ఒప్పంద) కూలీల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు కాబట్టి. ఆ ఫిజీకి ఆగ్నేయంగా ఉంటుంది టోంగా. దాదాపు 170 దీవులు, వాటిలో మనుషులుండేవి నాలుగోవంతుకు అటూఇటూ. 2021 జనాభా లెక్కల్లో తేలింది లక్షా చిల్లర. రాజధాని నుకుఅలోఫా. కొన్నాళ్ళు బ్రిటన్ రక్షణ కింద ఉన్నా తన రాజును పోగొట్టుకోని రాజ్యం, ఇప్పటికీ రాజు ఉన్నాడు. అక్కడ జాతీయ క్రీడ రగ్బీ యూనియన్. ఆదివారం ఆటలు ఆడకూడదు, అది రాజ్యాంగంలోనే ఉంది.

ఈ జట్టు కథ అర్థం కావాలంటే వలస కథ తెలియాలి. 1960లు, 70లలో న్యూజిలాండ్ ఫ్యాక్టరీలకు మనుషులు కావలసి వచ్చి పసిఫిక్ దీవుల నుంచి రమ్మన్నారు, టోంగా వాళ్ళూ వచ్చారు. 70ల మధ్యలో పనులు తగ్గేసరికి వీసా గడువు దాటినవాళ్ళ కోసం తెల్లవారకముందే పోలీసులు తలుపులు బాదడం మొదలైంది. డాన్ రెయిడ్స్ అంటారు వాటిని. 2021 ఆగస్టులో అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ ప్రభుత్వం తరఫున బహిరంగంగా క్షమాపణ చెప్పింది. నా దగ్గరకు నడుం నొప్పితో వచ్చే పెద్దవాళ్ళలో ఆ రోజులు గుర్తున్నవాళ్ళు ఉన్నారు, అడిగితే చెబుతారు, ఎక్కువ మాత్రం చెప్పరు. అప్పుడు తలుపుల వెనక నిలబడిన ఆ ఇళ్ళ పిల్లలు, మనవలే ఈ జట్టు.

2018 న్యూజిలాండ్ జనాభా లెక్కల్లో టోంగా మూలాలున్నవాళ్ళు 82 వేలు దాటారు. సిడ్నీలో, బ్రిస్బేన్‌లో, అమెరికాలో ఉన్నవాళ్ళు కలిస్తే బయట ఉన్నవాళ్ళే ఎక్కువ. వాళ్ళు ఇంటికి పంపే డబ్బు టోంగా జీడీపీలో మూడోవంతుకు పైనే ఉంటుంది. ఇంత దగ్గరగా ముడిపడి ఉన్నప్పుడు ఆక్లాండ్‌లో పుట్టిన కుర్రాణ్ణి పట్టుకుని "నువ్వు అరువు ఆటగాడివి" అంటే వాడి ఇంట్లో ఎవరికీ అర్థం కూడా కాదు. ఆ ఇళ్ళలో భాష టోంగా, ఆదివారం చర్చి టోంగా, అమ్మమ్మ నడుముకు చుట్టుకునే తఓవలా చాప టోంగా. పుట్టింది ఏ ఆసుపత్రిలో అన్నది కాగితం మీద ఒక గడి.

## 1986 నుంచి 2013 దాకా

టోంగా లీగ్ జట్టు అంతర్జాతీయంగా ఆడటం 1986లో మొదలైంది, కుక్ దీవుల్లో జరిగిన పసిఫిక్ కప్‌తో. 1994లో పసిఫిక్ కప్ గెలిచారు. ఆ మరుసటి ఏడాదే వాళ్ళ మొదటి ప్రపంచ కప్, ఇంగ్లండ్‌లో, ఆట పుట్టి నూరేళ్ళయిన సందర్భంగా.

అందులో ఒక మ్యాచ్ గురించి ఆగి చెప్పాలి. 1995 అక్టోబర్, వారింగ్టన్ ఊళ్ళో విల్డర్‌స్పూల్ మైదానం, ఎదురుగా న్యూజిలాండ్. టోంగా కెప్టెన్ డ్యువేన్ మాన్, అంతకుముందు న్యూజిలాండ్‌కే ఆడినవాడు. టోంగా మీద ఎవరికీ ఏ ఆశా లేదు. ఆట ఆఖరి భాగానికి వచ్చేసరికి టోంగా 24, న్యూజిలాండ్ 12. అక్కణ్ణుంచి న్యూజిలాండ్ వరసగా పాయింట్లు చేసి 24-24కి తెచ్చింది, ఇక కొన్ని సెకన్లే ఉన్నాయనగా మాథ్యూ రిడ్జ్ డ్రాప్ గోల్ కొట్టాడు. 25-24. తర్వాతి మ్యాచ్‌లో పపువా న్యూగినీతో 28-28 డ్రా. అంతే, ఇంటికి. ఈ 25-24 అంకెను కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇలాగే నడిచింది. 2000 ప్రపంచ కప్‌లో దక్షిణాఫ్రికాను 66-18తో చితక్కొట్టి, ఫ్రాన్స్ చేతిలో, పపువా న్యూగినీ చేతిలో ఓడిపోయారు. 2008 ప్రపంచ కప్‌లో ఐర్లాండ్ మీద 22-20తో గెలిచి సమోవా మీద 20-12తో ఓడారు. 2013 ప్రపంచ కప్‌లో స్కాట్లండ్ మీద 26-24తో ఓడిపోయి, కుక్ దీవులనూ ఇటలీనీ గెలిచి కూడా క్వార్టర్ ఫైనల్‌కు చేరలేదు, గ్రూపులో మొదటి జట్టుకే చోటు కాబట్టి. రెండంటే రెండు పాయింట్లు.

ఎందుకిలా? ప్రతిభ లేకనా? అదే సమయంలో ఎవరెవరు ఎక్కడ ఆడుతున్నారో చూడండి. జాన్ హోపోఆటె టోంగాలోనే పుట్టాడు, ఆస్ట్రేలియాకు ఆడాడు. విల్లీ మేసన్‌వి టోంగా మూలాలు, ఏళ్ళ తరబడి ఆస్ట్రేలియా ఫార్వర్డ్, అంటే ముందు వరసలో గుద్దుకుంటూ పోయే బలమైన ఆటగాడు. ఇజ్రాయెల్ ఫొలావ్ తల్లిదండ్రులు టోంగా వాళ్ళు, 2007లో 18 ఏళ్ళకే ఆస్ట్రేలియా లీగ్ జట్టులో ఆడిన అతి చిన్నవాడయ్యాడు. ఫుయిఫుయి మొయిమొయి టోంగాలో పుట్టి న్యూజిలాండ్‌కు ఆడాడు. వీళ్ళను తప్పుపట్టలేం. పెద్ద దేశానికి ఆడితే మ్యాచ్ ఫీజు ఉంటుంది, ఏడాదికి ఇన్ని మ్యాచ్‌లని ఖాయంగా ఉంటాయి, పేరు వస్తుంది, ఆ పేరుతో క్లబ్ కాంట్రాక్టు పెరుగుతుంది. ఇంట్లో పదిమంది ఆధారపడిన కుర్రాడికి ఇది చిన్న విషయం కాదు. టోంగాకు ఆడితే ఉన్నది గౌరవం, కిట్ బ్యాగు.

## నిబంధన ఏం మార్చింది

ఇక్కడే చాలామందికి తిరకాసు అనిపిస్తుంది, కాబట్టి విడమరచి చెబుతాను.

లీగ్‌లో ఆటగాడు తను పుట్టిన దేశానికి, లేదా తల్లిదండ్రులో తాతలో పుట్టిన దేశానికి ఆడవచ్చు, ఏళ్ళ తరబడి నివాసం ఉన్న దేశానికీ ఆడవచ్చు. ఈ లెక్కన చాలామందికి రెండు మూడు దేశాల అర్హత ఉంటుంది. అంతర్జాతీయ సమాఖ్య దేశాలను శ్రేణులుగా విడగొట్టింది, ఆస్ట్రేలియా, ఇంగ్లండ్, న్యూజిలాండ్ మొదటి శ్రేణి, టోంగా, సమోవా, ఫిజీ లాంటివి రెండోది. మొదటి శ్రేణిలో ఒక దేశానికి ఆడినవాడు తనకు అర్హత ఉన్న రెండో శ్రేణి దేశానికి మారవచ్చు. ఒక పెద్ద దేశం నుంచి ఇంకో పెద్ద దేశానికి మాత్రం దూకడానికి లేదు.

దీనికి తోడు స్టేట్ ఆఫ్ ఆరిజిన్ ఒకటుంది. క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల మధ్య ఏటా మూడు మ్యాచ్‌లు, ఆస్ట్రేలియాలో లీగ్ ఆటగాడికి డబ్బూ పేరూ అన్నీ అందులోనే. న్యూజిలాండ్‌కు ఆడినవాడికి అప్పట్లో ఆరిజిన్ దారి మూసుకుపోయేది. టోంగాకు ఆడితే మూసుకుపోదు. సిడ్నీలో పెరిగిన టోంగా కుర్రాడికి ఇది ఎంత పెద్ద తేడానో ఆలోచించండి. డేనియల్ టుపో 2014లో ఆస్ట్రేలియాకు ఆడాడు, 2017 ప్రపంచ కప్ టోంగాకు ఆడాడు, 2020లో మళ్ళీ న్యూ సౌత్ వేల్స్ తరఫున ఆరిజిన్ ఆడాడు. కాబట్టి మనసు ఎటున్నా జేబు అడ్డుపడే పరిస్థితి కొంత తగ్గింది. కొంతే.

## 2017

2017 ప్రపంచ కప్‌కి కొన్ని వారాల ముందు జేసన్ టౌమాలోలో న్యూజిలాండ్‌ను కాదని టోంగాను ఎంచుకున్నాడు. అప్పటికి అతను మామూలు ఆటగాడు కాదు. 2016లో ఆస్ట్రేలియా లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే డాలీ ఎం పతకాన్ని కూపర్ క్రాంక్‌తో కలిసి అందుకున్నాడు, క్లబ్‌తో పదేళ్ళ ఒప్పందం చేతిలో ఉంది, పుట్టింది ఆక్లాండ్‌లో. అదే సమయంలో ఆండ్రూ ఫిఫిటా ఆస్ట్రేలియా జట్టును వదులుకుని టోంగాకు వచ్చేశాడు. డేవిడ్ ఫుసిటువా, మను మౌ, టుయి లోలోహియా లాంటివాళ్ళు న్యూజిలాండ్ వైపు నుంచి వచ్చారు. కోచ్ క్రిస్టియన్ వూల్ఫ్, టోంగా మూలాలు లేని ఆస్ట్రేలియా మనిషి, అంతకు కొన్నేళ్ళ ముందునుంచే ఎవరూ పట్టించుకోని రోజుల్లో ఈ జట్టుతో ఉన్నవాడు. నా ఉద్దేశంలో ఆటగాళ్ళు నమ్మి రావడానికి ఆయన సగం కారణం.

ఇక్కడ న్యూజిలాండ్‌లో కోపం వచ్చింది. రేడియోలో ద్రోహం, గీహం అని మాట్లాడారు. అదే వారంలో నా దగ్గర మోకాలి కట్టు మార్పించుకోవడానికి వచ్చిన పదహారేళ్ళ కుర్రాడు టౌమాలోలో పేరు చెబుతూ వెలిగిపోయిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. వాడికి నిబంధనలు, శ్రేణులు ఏమీ తెలియదు. అంత గొప్పవాడు మా వాళ్ళ దగ్గరకు వచ్చాడు, అంతే వాడికి తెలిసింది.

కేర్న్స్‌లో స్కాట్లండ్‌ను 50-4తో, హామిల్టన్‌లో సమోవాను 32-18తో ఓడించారు. నవంబర్ 11న హామిల్టన్‌లోనే న్యూజిలాండ్‌తో మ్యాచ్. స్టేడియం అంతా టోంగా ఎరుపు, సొంత దేశంలో ఆడుతున్నది ఎవరో తెలియనంతగా. న్యూజిలాండ్ హాకా (ఆటకు ముందు చేసే మావోరీ సవాలు నృత్యం) చేస్తుండగానే టోంగా వాళ్ళు తమ సవాలు నృత్యం సిపి టౌ ఎత్తుకున్నారు, రెండూ ఒకేసారి, ఎదురెదురుగా. హాఫ్ టైమ్‌కి న్యూజిలాండ్ 16-2తో ముందుంది. రెండో సగంలో టోంగా 26 పాయింట్లు చేసింది, ఫుసిటువా మూడు ట్రైలు. 28-22. ఆ శ్రేణులంటూ పెట్టాక రెండో శ్రేణి జట్టు మొదటి శ్రేణి జట్టును ఓడించడం అదే మొదలు.

క్రైస్ట్‌చర్చ్‌లో క్వార్టర్ ఫైనల్‌ను లెబనాన్ మీద 24-22తో ఎలాగో గట్టెక్కారు. నవంబర్ 25న ఆక్లాండ్ మౌంట్ స్మార్ట్‌లో ఇంగ్లండ్‌తో సెమీ ఫైనల్. 72 నిమిషాలు దాటేవరకు ఇంగ్లండ్ 20, టోంగా 0. అక్కణ్ణుంచి టెవిటా పంగై జూనియర్, సిలివా హవిలి, లోలోహియా వరసగా ట్రైలు. 20-18. చివరి సెకన్లలో ఫిఫిటా గీత వైపు దూసుకెళ్తుండగా వెనకనుంచి ఎలియట్ వైట్‌హెడ్ చెయ్యి వేశాడు, బంతి జారింది. ఫిఫిటా చేతిలోంచి తనంతట జారిందని రిఫరీ తీర్పు, వీడియో రిఫరీకి పంపలేదు. ఆట అయిపోయింది. ఆ తర్వాత రోజుల తరబడి సంతకాల సేకరణలు, ఊరేగింపులు.

నా అభిప్రాయం అడిగితే, అది వీడియోకు పంపాల్సిన సందర్భం. పంపినా ట్రై ఇచ్చేవారని మాత్రం చెప్పలేను, దాన్ని పట్టుకుని రిఫరీని తిట్టడం మాత్రం దారుణం.

ఆ నెలంతా దక్షిణ ఆక్లాండ్‌లోని ఓటాహుహు, మాంగెరె వీధుల్లో కార్ల మీద జెండాలు, ఇళ్ళ గోడల మీద జెండాలు, రాత్రి దాకా హారన్లు. శనివారం మా పిల్లల మ్యాచ్‌లకు ముందు మణికట్టుకు టేపు చుడితే, మార్కర్ అడిగి తీసుకుని దాని మీద రాసుకునేవాళ్ళు, తాత పేరు ఒకడు, హాపాయి అని ఒకడు, వావాఉ అని ఒకడు. వాళ్ళలో చాలామంది ఆ దీవులను చూసి కూడా ఎరగరు. ఇప్పటికీ రాస్తారు, కానీ మొదలైంది ఆ ఏడాదే అని నేను గట్టిగా చెప్పగలను, అంతకుముందు పెద్ద ఆటగాళ్ళ నంబర్లు రాసుకునేవాళ్ళు.

## 2019: గెలుపు, గొడవ ఒకేసారి

2018లో మౌంట్ స్మార్ట్‌లో ఆస్ట్రేలియాతో ఆడి 34-16తో ఓడారు, కానీ స్టేడియం నిండిపోయింది, ఓడుతున్నంతసేపూ చర్చి పాటలు ఆగలేదు. టోంగా ఆడితే టికెట్లు అమ్ముడవుతాయని అందరికీ తెలిసింది.

డబ్బు వచ్చేసరికి గొడవా వచ్చింది. కోచ్ వూల్ఫ్ కొనసాగింపు, డబ్బు లెక్కలు, ఈ విషయాల్లో టోంగా జాతీయ లీగ్ బోర్డుకూ ఆటగాళ్ళకూ చెడింది. ఆ బోర్డు కింద ఆడబోమని ఆటగాళ్ళు తేల్చేశారు. అప్పటి ప్రధాని అకిలిసి పోహివా ఆటగాళ్ళ పక్షాన నిలబడ్డారు, ఆ సెప్టెంబర్‌లోనే ఆయన చనిపోయారు. అంతర్జాతీయ సమాఖ్య బోర్డు సభ్యత్వాన్ని సస్పెండ్ చేసి, వూల్ఫ్ కోచ్‌గా టోంగా ఇన్విటేషనల్ థర్టీన్ అనే పేరుతో జట్టును ఆడనిచ్చింది. ఆ పేరుతోనే అక్టోబర్ 26న హామిల్టన్‌లో గ్రేట్ బ్రిటన్‌ను 14-6తో, వారం తిరిగేసరికి ఆస్ట్రేలియాను 16-12తో ఓడించారు.

ఆస్ట్రేలియా అంటే అప్పటికి ప్రపంచ ఛాంపియన్, కోచ్ మాల్ మెనింగా. ఇంగ్లండ్, గ్రేట్ బ్రిటన్, న్యూజిలాండ్ కాకుండా ఇంకో దేశం చేతిలో ఆస్ట్రేలియా ఓడటం 1978లో ఫ్రాన్స్ తర్వాత అదే. సొంత బోర్డు లేని జట్టు, అరవై మ్యాచ్‌లు ఆడాల్సిన చోట ఆరు ఆడే జట్టు ఈ పని చేసింది. దీన్ని ఎవరైనా అదృష్టం అంటే నేను ఒప్పుకోను. ఒక వారం అదృష్టం కావచ్చు, వరసగా రెండు వారాలు కాదు.

## తర్వాత ఏమైంది

కోవిడ్‌తో రెండేళ్ళు ఆటే లేదు. 2022 జనవరి 15న హుంగా టోంగా అగ్నిపర్వతం పేలి సునామీ వచ్చింది, సముద్రం అడుగు కేబుల్ తెగి దేశం మొత్తానికి ఫోన్లు పోయాయి. అప్పుడు ఆక్లాండ్ టోంగా వాళ్ళు సాయం సామాన్లు పోగేసింది మౌంట్ స్మార్ట్‌లోనే. పెద్ద పెద్ద నీలం డ్రమ్ముల్లో నీళ్ళ సీసాలు, బియ్యం, టిన్నులు కుక్కి, మూత మీద బంధువుల పేరు, ఊరు రాసి కంటెయినర్లలోకి ఎక్కించారు. మా క్లబ్ పిల్లలు స్క్రమ్ తోసినట్టే భుజాలు ఆనించి ఆ డ్రమ్ములు దొర్లించారు. ఆ జట్టుకూ ఆ జనానికీ సంబంధం ఏమిటని అడిగేవాళ్ళకు ఇదే చెబుతుంటాను.

ఆటలో మాత్రం కాస్త వెనకబడ్డారు. 2022లో జరిగిన ప్రపంచ కప్‌లో క్వార్టర్ ఫైనల్‌లో సమోవా చేతిలో 20-18తో ఓడిపోయారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సమోవా కూడా టోంగా దారే పట్టింది. జరోమ్ లువాయి, బ్రయాన్ టోఓ, స్టీఫెన్ క్రైటన్ లాంటివాళ్ళు సమోవాను ఎంచుకున్నారు, మొదటి మ్యాచ్‌లో ఇంగ్లండ్ చేతిలో 60-6తో ఓడిన జట్టు అదే ఇంగ్లండ్‌ను సెమీస్‌లో 27-26తో పడగొట్టి ఫైనల్‌కు వెళ్ళింది. టోంగా తలుపు తెరిస్తే ముందు ఫైనల్ గడప తొక్కింది సమోవా. 2023లో టోంగా ఇంగ్లండ్ వెళ్ళి మూడు టెస్టులూ ఓడింది, 22-18, 14-4, 26-4.

కారణాలు నాకు కనిపించేవి చెబుతాను. మొదటిది హాఫ్‌బ్యాక్‌ల కొరత. ఆటను నడిపించేది, ఎప్పుడు తన్నాలో ఎప్పుడు పాస్ ఇవ్వాలో తేల్చేది హాఫ్‌లు. టోంగాకు ఫార్వర్డ్స్ ఎప్పుడూ మిగులే, హాఫ్‌లు ఎప్పుడూ తక్కువే. ఇది శరీరం వల్ల వచ్చింది కాదు, మేం పెద్దవాళ్ళం చేసే పని వల్ల వచ్చింది. పన్నెండేళ్ళకు తోటివాళ్ళకంటే తలెత్తు ఎక్కువున్న టోంగా పిల్లాడు కనిపిస్తే కోచ్ వాణ్ణి ఫార్వర్డ్స్‌లో పెట్టేస్తాడు, బంతి ఇచ్చి గుద్దుకుంటూ పొమ్మంటాడు. ఆ వారం గెలుస్తారు. వాడు తన్నడం, ఆట చదవడం ఎప్పుడూ నేర్చుకోడు. పద్దెనిమిదేళ్ళకు మిగతావాళ్ళూ పెరిగి వాడంత అవుతారు, వాడి భుజాలు మాత్రం అప్పటికే అరిగి నా బల్ల మీద ఉంటాయి. నేను క్లబ్‌లో ఈ మాట చెప్పీ చెప్పీ అలసిపోయాను, ఇప్పుడిప్పుడే కొందరు కోచ్‌లు పెద్ద పిల్లలకు కూడా హాఫ్ స్థానంలో అవకాశం ఇస్తున్నారు.

రెండోది మ్యాచ్‌లు. ఏడాదికి రెండు మూడు, కొన్నేళ్ళు అవీ లేవు. కలిసి ఆడని హాఫ్‌లకు పొత్తు కుదరదు, ఫార్వర్డ్స్‌కైతే బలంతో నెట్టుకురావచ్చు. మూడోది, టోంగాలో పెరిగే పిల్లలకు లీగ్‌లో దారి ఇంకా సన్నంగానే ఉంది. పెద్ద జట్లతో మ్యాచ్‌లు దాదాపు అన్నీ ఆక్లాండ్, హామిల్టన్, సిడ్నీ, బ్రిస్బేన్‌లలో జరుగుతాయి, టికెట్ డబ్బూ అక్కడే తిరుగుతుంది. నుకుఅలోఫాలో మంచి మైదానం, జీతమున్న కోచ్‌లు, పిల్లల పోటీలు లేనంతకాలం ఈ జట్టు వలస కుటుంబాల మీదే నిలబడాలి. మీ "అరువు" ప్రశ్నలో నిజమైన బాధ ఏదన్నా ఉంటే అది ఇది.

ఆ హాఫ్‌బ్యాక్ లోటు కొంత తీరింది 2024లో. ఇసయా కటోవా అనే కుర్రాడు, ఆస్ట్రేలియా లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడకముందే 2022 ప్రపంచ కప్‌లో టోంగాకు ఆడాడు. వూల్ఫ్ అతణ్ణి స్కూలు దాటగానే నమ్మాడు. 2024 నవంబర్ 2న మౌంట్ స్మార్ట్‌లో న్యూజిలాండ్‌తో మ్యాచ్, స్కోరు 24-24, ఆట అయిపోవస్తోంది. కటోవా డ్రాప్ గోల్ కొట్టాడు. 25-24. 1995లో వారింగ్టన్‌లో ఏ అంకెతో, ఏ విధంగా ఓడారో అదే అంకెతో, అదే విధంగా గెలిచారు. ఆ రాత్రి మా క్లబ్‌హౌస్‌లో ఉన్న పెద్దాయన ఒకరు 95 మ్యాచ్‌ను వీడియో క్యాసెట్‌లో చూసినవాడు, ఆయనకు నేను గుర్తుచేయాల్సిన పనే లేకపోయింది. తర్వాతి వారం సిడ్నీ పారమట్టాలో, పసిఫిక్ ఛాంపియన్‌షిప్స్ ఫైనల్‌లో ఆస్ట్రేలియా మీద 20-14తో ఓడారు. 2025లో సమోవా చేతిలో 34-6, న్యూజిలాండ్ చేతిలో 40-14, చెడ్డ ఏడాది, దాచేదేమీ లేదు.

## ఏ మ్యాచ్ చూడాలి

నాలుగు చెబుతాను. 2017 హామిల్టన్‌లో న్యూజిలాండ్ మీద, అదే ఏడాది ఇంగ్లండ్‌తో సెమీ ఫైనల్, 2019లో ఆస్ట్రేలియా మీద, 2024లో న్యూజిలాండ్ మీద. వీటిలో ఒక్కటే చూసే తీరిక ఉంటే సెమీ ఫైనల్ చూడండి, ఓడిన మ్యాచ్ అయినా సరే. అందరూ చివరి పది నిమిషాల ముక్కే చూస్తారు. మీరు మొదటినుంచీ చూడండి, స్కోరు పక్కన పెట్టి ఇంగ్లండ్ ఫార్వర్డ్స్‌ని గమనించండి. టౌమాలోలో, ఫిఫిటాలను ఆపడానికి ప్రతిసారీ ముగ్గురు కావాలి, ఆ ముగ్గురూ లేచి మళ్ళీ పది మీటర్లు వెనక్కి పరుగెత్తాలి. మొదటి సగంలో అది తెలియదు. అరవయ్యో నిమిషం తర్వాత చూస్తే లేవడం ఒక్క క్షణం ఆలస్యమవుతుంది, చేతులు తుంటి మీదకు వెళ్తాయి, గీతలో మనిషికీ మనిషికీ మధ్య ఖాళీ పెరుగుతుంది. 73వ నిమిషంలో వచ్చిన మొదటి ట్రై అప్పటికప్పుడు పుట్టింది కాదు, అంతసేపూ 0 దగ్గరే ఉన్న జట్టు ఒక్కో టాకిల్‌తో పోగేసుకున్నది. ఆ జట్టు 20-0 వెనకబడి కూడా అదే పని ఎందుకు చేస్తూ పోయిందో అప్పుడు మీకే కనిపిస్తుంది.